తల్లి వైపు ఇంటిపేరు: సముద్రపు అకశేరుకాల మైటోకాండ్రియా జీనోము

(విశాఖపట్నంలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, సముద్రజీవుల మీద ఆసక్తి ఉన్న పౌరుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద రెండు గుల్లలు పెట్టాను. ప్రసంగం అయ్యాక దగ్గరికి వచ్చి చూడవచ్చు, చేత్తో పట్టుకోవచ్చు. అంచున ఆకుపచ్చగా మెరుస్తున్న పెద్దది మీలో చాలామందికి తెలిసినదే. రేవు గోడలకు, నీళ్లలో నానే తాళ్లకు గుత్తులు గుత్తులుగా పట్టుకొని పెరిగే ఆలిచిప్ప ఇది. శాస్త్రీయనామం పెర్నా విరిడిస్. రెండవది బొటనవేలి గోరంత ఉంది, మురికి రంగు, చూడడానికి ఏ విశేషమూ లేదు. దీని పేరు మైటిలాప్సిస్ సల్లేయి. దీని పుట్టిల్లు భూగోళానికి అవతలి వైపున్న కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ. 1967లో మన విశాఖ ఓడరేవులో దీన్ని మొదటిసారిగా గమనించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధించిన ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో దీని గురించి రాశారు. ఓడల అడుగులకు అతుక్కొనో, ఓడలు తెచ్చిన నీళ్లలోనో వచ్చి ఉంటుంది. అయితే ఏ రేవు నుంచి వచ్చింది, ఒకసారే వచ్చిందా, పలుమార్లు వచ్చిందా అన్నది గుల్లను ఎంత తిప్పి చూసినా తేలదు. అలాంటి ప్రశ్నలను ఏ ఆధారంతో అడగవచ్చో, ఆ ఆధారాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఈ రోజు చెప్పదలచుకున్నాను.

సముద్రపు అకశేరుకాలలో ఆకారాన్ని నమ్ముకుంటే మోసపోతాం. ఒకే తల్లి పిల్లలైన ఆలిచిప్పలలో అల తాకిడి ఎక్కువగా ఉన్నచోట పెరిగింది ఒకలాగా, ఇరుకులో పదిమందితో ఒరుసుకుంటూ పెరిగింది మరొకలాగా ఉంటాయి. తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద సున్నపు గిన్నెల్లా అతుక్కొని ఉండే బార్నకిల్‌ను తీసుకోండి. గట్టి పెంకులో కదలకుండా కూర్చుంటుంది కాబట్టి దాన్ని చాలాకాలం నత్తలు, ఆలిచిప్పలు ఉండే మొలస్కా వర్గంలోనే లెక్కవేశారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ దాని పిల్లదశను పరిశీలించి, అది రొయ్యలకు, పీతలకు చుట్టమని తేల్చాడు. పిల్లదశ దొరికింది గనుక అక్కడ పని జరిగింది. పిల్లదశే తెలియని జీవులు, ఎముక గానీ పెంకు గానీ లేక శిలాజంగా మిగలని జీవులు సముద్రంలో లెక్కలేనన్ని. వాటి వంశవృక్షం గీయాలంటే వాటి కణాలలోనే రాసి ఉన్నదాన్ని చదవక తప్పదు.

కణంలో మైటోకాండ్రియా ఉంటుందని, అది ఆహారం నుంచి శక్తిని తీసి కణానికి అందిస్తుందని పదవ తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఒకప్పుడు అది స్వతంత్రంగా బతికిన బాక్టీరియా. మరొక కణంలోకి చేరి అక్కడే స్థిరపడింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న డీఎన్ఏలో చాలా భాగాన్ని కాలక్రమంలో పోగొట్టుకుంది, కొంత భాగం కేంద్రకంలోకి చేరింది, మిగిలిన కొద్దిపాటి డీఎన్ఏను మాత్రం ఇప్పటికీ తనలోనే దాచుకుంది. దాన్నే మైటోకాండ్రియా జీనోము అంటున్నాం. చాలా జంతువులలో ఇది తల్లి నుంచి మాత్రమే సంతానానికి వస్తుంది. తండ్రి వీర్యకణంలోనూ మైటోకాండ్రియా ఉంటుంది గానీ, అది పిండంలో నిలవదు. మనకు ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది. మైటోకాండ్రియా అన్నది తల్లి వైపు నుంచి వచ్చే ఇంటిపేరు అనుకోండి. ఈ పోలికలో ఒక సౌకర్యం ఉంది, ఒక హెచ్చరిక కూడా ఉంది. తల్లి డీఎన్ఏ, తండ్రి డీఎన్ఏ తరతరానా కలగలిసిపోయే గొడవ లేదు కాబట్టి గీత తిన్నగా వెనక్కి వెళుతుంది. హెచ్చరిక ఏమిటంటే, నాలుగు తరాలు వెనక్కి వెళితే మీకు పదహారుమంది పూర్వీకులు ఉంటారు. ఇంటిపేరు చెప్పేది వారిలో ఒక్కరి కథే.

పరిశోధకులు దీన్ని ఎంచుకోవడానికి మరొక కారణం మరీ లౌకికమైనది. ఒక్కొక్క కణంలో కేంద్రకపు జీనోము రెండు ప్రతులే ఉంటుంది. మైటోకాండ్రియా జీనోము వందల నుంచి వేల ప్రతులలో ఉంటుంది. సముద్రపు ఒడ్డున ఇసుక రేణువుల సందుల్లో బతికే అతిచిన్న జంతువుల గురించి గణపతిగారు, జి. చంద్రశేఖరరావుగారు 1960లలో వాల్తేరు తీరం మీద చేసిన పని ఈ రంగంలో ఉన్నవారికి తెలిసినదే. పాదం కింద పడితే తెలియని, మిల్లీమీటరు కూడా లేని ఆ పురుగుల నుంచి ఎంత డీఎన్ఏ వస్తుంది? అంత తక్కువలో కూడా మైటోకాండ్రియా జీనోము దొరుకుతుంది. ఈమధ్య డీఎన్ఏను చిన్న చిన్న తునకలుగా, ఏరకుండా, పైపైన చదివేసే యంత్రాలు వచ్చాయి. ప్రతులు ఎక్కువ కాబట్టి ఆ పైపై చదువులోనే మైటోకాండ్రియా జీనోము మొత్తం బయటపడుతుంది. కేంద్రకపు జీనోము మాత్రం చిరిగిన పుస్తకంలా అక్కడొక పుట ఇక్కడొక పుటగా మిగులుతుంది.

పరిమాణం సంగతి చెబుతాను. మనిషి మైటోకాండ్రియా జీనోమును 1981లో కేంబ్రిడ్జిలో పూర్తిగా చదివారు. దాని పొడవు 16,569 బేస్ జతలు, అంటే డీఎన్ఏ అక్షరాల జతలు. సముద్రపు అకశేరుకాలలో మొదట పూర్తిగా చదివిన వాటిలో అమెరికా పడమటి తీరపు ఊదారంగు సీ అర్చిన్ ఒకటి. 1988లో వచ్చింది, 15,650 బేస్ జతలు. మన రామకృష్ణా బీచి రాళ్ల సందుల్లో పోటు తగ్గినప్పుడు కనిపించే ముళ్లబంతుల చుట్టమే అది. మనిషికీ ముళ్లబంతికీ మధ్య యాభై కోట్ల ఏళ్లకు పైబడిన దూరం ఉంది. అయినా రెండింటిలో ఉన్న జన్యువులు అవే ముప్పైఏడు. వాటిలో 13 ప్రోటీన్లను తయారుచేసేవి, 22 ఎమినో ఆమ్లాలను మోసుకొచ్చే బదిలీ ఆర్ఎన్ఏలవి, 2 రైబోసోము ఆర్ఎన్ఏలవి. సరంజామా ఒకటే కావడం వల్లనే పోలిక సాధ్యమవుతోంది.

పోలిక రెండు రకాలుగా చేయవచ్చు. మొదటిది అక్షరాల పోలిక. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మొదటి భాగాన్ని తయారుచేసే జన్యువు ఉంది, ప్రయోగశాలలో మేము కాక్స్-1 అంటాం. 1994లో ఫోల్మర్, ఆయన సహచరులు ఈ జన్యువులో ఒక ముక్కను రకరకాల అకశేరుకాల నుంచి ఒకే జత ప్రైమర్లతో, అంటే కావలసిన చోట అతుక్కునే చిన్న డీఎన్ఏ తునకలతో, పట్టుకోవచ్చునని చూపించారు. 2003లో పాల్ హెబర్ట్ బృందం ఆ ముక్కనే జాతులను గుర్తుపట్టే బార్‌కోడ్‌గా వాడుదామని ప్రతిపాదించింది. ఈ రోజు సుమారు 658 అక్షరాల ఆ ముక్క లేకుండా సముద్రజీవుల జాబితా తయారుచేసేవారు అరుదు. దగ్గరి జాతులను విడదీయడానికి ఇది చక్కగా పనికొస్తుంది. కానీ దూరపు చుట్టరికాలకు వచ్చేసరికి చతికిలబడుతుంది. అక్షరాలు నాలుగే కదా. పలక మీద ఒకే చోట చెరిపి రాసి, మళ్లీ చెరిపి రాస్తూ పోతే చివరకు కనిపించే అక్షరం చూసి ఎన్నిసార్లు చెరిపారో ఎవరు చెప్పగలరు? కోట్ల ఏళ్ల లెక్కలో డీఎన్ఏ అక్షరాలకూ అదే గతి. పైగా త్వరత్వరగా మారే రెండు వంశాలు, ఏ చుట్టరికమూ లేకపోయినా, వంశవృక్షంలో పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. ఈ పొరపాటుతో ప్రచురితమైన వృక్షాలు తక్కువేమీ కాదు.

రెండవది నా దృష్టిలో ఎక్కువ విలువైనది: జన్యువులు ఉన్న వరుస. చాలా జంతువులలో ఈ జీనోము గుండ్రని దండలా ఉంటుంది. పూర్ణా మార్కెట్‌లో పూలమ్మే ఆమె చేతిలో దండను ఊహించుకోండి. మల్లె, మరువం, కనకాంబరం అనే వరుస ఎన్ని దండల్లోనైనా ఉండవచ్చు. కానీ ముప్పైఏడు రకాల పూలు ముప్పైఏడు చోట్ల ఒకే క్రమంలో ఉన్న దండలు రెండు కనిపిస్తే, రెండూ విడివిడిగా, యాదృచ్ఛికంగా అలా వచ్చాయని ఎవరూ అనుకోరు. ఒక పువ్వు అనుకోని చోట ఉండి, అదే తేడా రెండు దండల్లోనూ ఉంటే ఆ రెండింటినీ అల్లింది ఒకే చేయి అంటాం.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1998లో జెఫ్రీ బూర్, డెన్నిస్ లావ్రోవ్, వెస్లీ బ్రౌన్ ప్రచురించినది. రాచపీత అని కొందరు, గుర్రపుడెక్క పీత అని కొందరు పిలిచే జీవి ఉంది. మన పైనున్న ఒడిశా తీరంలో బాలాసోర్ దగ్గర ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడుతుంది. పేరుకు పీత గానీ అది తేళ్లకు, సాలీళ్లకు దగ్గరి జీవి. దాని అమెరికా చుట్టమైన లిమ్యులస్‌లో ల్యూసిన్‌ను మోసే రెండు బదిలీ ఆర్ఎన్ఏ జన్యువులూ పక్కపక్కనే ఉన్నాయి. జెర్రిలోనూ అంతే. పీతలు, రొయ్యలు ఉండే క్రస్టేషియన్లలో, కీటకాలలో మాత్రం ఆ రెండింటిలో ఒకటి లేచి వెళ్లి కాక్స్-1, కాక్స్-2 జన్యువుల మధ్య కూర్చుంది. అంటే ఈ బదిలీ జరిగినది కీటకాలకు, రొయ్యలకు ఉమ్మడి పూర్వీకురాలైన ఒకానొక సముద్రజీవిలో. అంతకుముందు చాలామంది కీటకాలను జెర్రులతో జతకట్టేవారు. తల, కాళ్లు, ఊపిరి గొట్టాలు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. ఒక్క చిన్న జన్యువు స్థలం మారడం ఆ జత తప్పని గట్టిగా చెప్పింది. తరువాత కేంద్రకపు జన్యువులు కూడా అదే మాట అన్నాయి. ఇక మనం ఇష్టంగా తినే రొయ్యకు తేలు కంటే బొద్దింకే దగ్గరి చుట్టమని మా ఇంట్లో చెప్పినందుకు ఆ పూట రొయ్యల ఇగురు ముందు కూర్చున్న ఇద్దరు లేచిపోయారు.

జన్యువు ఇలా చోటు మారడం ఎలా జరుగుతుంది? ప్రతి తయారుచేసేటప్పుడు పొరపాటున ఒక ముక్క రెండుసార్లు వచ్చేస్తుంది. అప్పుడు ఆ ముక్కలోని ప్రతి జన్యువుకూ రెండేసి నకళ్లు ఉంటాయి. ఒకటి చాలు కనుక రెండోది చెడిపోయినా జీవికి నష్టం లేదు. మొదటి జన్యువుకు ముందు నకలు చెడి, రెండో జన్యువుకు వెనక నకలు చెడితే, మిగిలిన వాటి వరుస తారుమారవుతుంది. ఇది అరుదు కాబట్టే విలువ. అయితే ఎంత అరుదు అన్నది వంశాన్ని బట్టి ఉంటుంది. రాళ్లకు కరుచుకొని ఉండే, వీపు మీద ఎనిమిది పలకలున్న కైటాన్లలో వరుస నెమ్మదిగా మారింది. 1994లో చదివిన కథరీనా అనే కైటాన్ వరుసకు, ఆక్టోపస్ వరుసకు పెద్ద తేడా లేదు. అదే మొలస్కా వర్గంలోని రెండు చిప్పల జీవులకు వస్తే ఇల్లు పీకి పందిరి వేసినట్టు ఉంటుంది. ఒకే ప్రజాతిగా చాలాకాలం లెక్కవేసిన క్రాసోస్ట్రియా అనే ఆయిస్టర్లలోనే అమెరికా తూర్పుతీరపు జాతి వరుస వేరు, పసిఫిక్ జాతి వరుస వేరు. పైగా ఈ కుటుంబంలో పెద్ద రైబోసోము ఆర్ఎన్ఏ జన్యువు రెండు ముక్కలై వేర్వేరు చోట్ల ఉంది. పొడవు కూడా అదుపులో ఉండదు. కాకినాడ అఖాతంలో ఏరే, కోస్తే ఎర్రటి రక్తం కారే గుల్ల ఉంది కదా, ఆ కుటుంబంలో ఈ జీనోము ముప్పైవేల బేస్ జతలు దాటింది. దాని తూర్పు ఆసియా చుట్టంలో దాదాపు నలభైఏడు వేలు. జన్యువులు పెరిగి కాదు, మధ్యలో అర్థంలేని ముక్కలు మళ్లీ మళ్లీ రావడం వల్ల. అందుచేత వరుస తేడాను బట్టి కైటాన్లలో ఒక నిర్ణయానికి వచ్చిన మనిషి అదే కొలతతో ఆలిచిప్పల్లో నిర్ణయానికి రాకూడదు. సన్యాసి పీతల్లోనూ అంతే. మామూలు పీతల్లో చాలావాటికి ఒకే వరుస ఉంటే, సన్యాసి పీతల్లో చాలా మార్పులు జరిగాయి.

ఒక్కోసారి వరుస కాదు, ఆకారమే సాక్ష్యం చెబుతుంది. వేసవిలో మన బీచిలో కొట్టుకొచ్చి జిగురుముద్దల్లా పడివుండే జెల్లీఫిష్‌లలో ఈ డీఎన్ఏ గుండ్రంగా ఉండదు. పగడాలలో, సముద్రపు ఎనిమోన్‌లలో గుండ్రంగానే ఉంటుంది. జెల్లీఫిష్, హైడ్రా వంటి వాటిలో మాత్రం తెగిన దారంలా రెండు కొసలతో ఉంటుందని 1992లో చూపించారు. మిగతా జంతువులలో చాలావాటికి గుండ్రని రూపమే ఉంది కాబట్టి, పగడాలు, జెల్లీఫిష్‌లు రెండూ ఉన్న ఈ వర్గంలో పగడాల కొమ్మ ముందే విడిపోయిందని, దారం తెగడం అన్నది జెల్లీఫిష్‌ల ఉమ్మడి పూర్వీకులలో జరిగిందని ఊహించడానికి వీలు కలిగింది. పెట్టె జెల్లీఫిష్ అయితే మరీ విడ్డూరం; ఒక జాతిలో ఈ జీనోము ఎనిమిది దారపు ముక్కలుగా ఉంది. సాల్మన్ చేప కండలో పరాన్నజీవిగా బతికే హెన్నెగుయా సాల్మినికోలా అనే జీవి కూడా జెల్లీఫిష్‌ల బంధువే. అది తన మైటోకాండ్రియా జీనోమును పూర్తిగా వదిలేసుకున్నదని 2020లో తెలిసింది.

కాలాన్ని కొలవడం గురించి ఒక మాట. ఉత్తర, దక్షిణ అమెరికాల మధ్య పనామా భూసంధి పైకి లేచి సుమారు ముప్పై లక్షల ఏళ్ల కిందట రెండు సముద్రాలను పూర్తిగా విడదీసింది. అటు ఇటు మిగిలిపోయిన జీవుల అక్షరాల తేడాను ఆ కాలంతో భాగిస్తే గడియారం దొరుకుతుంది కదా అన్నది సులువైన ఆలోచన. నాన్సీ నౌల్టన్, ఆమె సహచరులు చిటికె రొయ్యల మీద ఈ లెక్క వేశారు. పంజా చప్పుడు చేసి ఎరను మూర్ఛపోయేలా చేసే రొయ్యలు అవి. అటొకటి ఇటొకటిగా ఉన్న జతలన్నింటిలో తేడా ఒకేలా లేదు. లోతు నీళ్లలో, స్వచ్ఛమైన నీళ్లలో బతికేవి భూమి పూర్తిగా మూసుకోక ముందే విడిపోయాయి. మడ అడవుల దగ్గరి మురికినీళ్లను ఓర్చుకునేవి చివరిదాకా రాకపోకలు సాగించాయి. అందుకని చివరగా విడిపోయిన వాటినే కొలతకు తీసుకుంటే కాక్స్-1 తేడా పది లక్షల ఏళ్లకు సుమారు 1.4 శాతం అని తేలింది. ఈ సంఖ్యను ఎక్కడ పడితే అక్కడ వాడేస్తున్నారు, అదే నాకు మింగుడుపడని విషయం. పగడాల విషయంలో ఈ లెక్క అసలు పనికిరాదు. వాటి మైటోకాండ్రియా జీనోము నత్తనడక నడుస్తుంది. రెండు వేర్వేరు జాతుల మధ్య ఆ బార్‌కోడ్ ముక్కలో ఒక్క అక్షరం తేడా లేకపోయిన సందర్భాలున్నాయి. మెత్తని పగడాలలోనైతే బాక్టీరియాలలో అచ్చుతప్పులు దిద్దే జన్యువుకు చుట్టమైన మ్యూట్-ఎస్ జన్యువు మైటోకాండ్రియా జీనోములోనే ఉంది. ఆ దిద్దుబాటు వల్లే నడక మందగించిందేమోనని ఆలోచిస్తున్నవారున్నారు.

తల్లి వైపు ఇంటిపేరు అన్నాను. బల్ల మీదున్న ఈ ఆలిచిప్ప కుటుంబంలోనే ఆ సూత్రానికి ఎదురుతిరిగినవారు ఉన్నారు. ఐరోపా, అమెరికా తీరాలలోని మైటిలస్ అనే ఆలిచిప్పలలో కూతుళ్లకు తల్లి మైటోకాండ్రియాయే వస్తుంది. కొడుకులకు మాత్రం తల్లిదీ వస్తుంది, తండ్రిదీ వస్తుంది. తల్లి నుంచి వచ్చినది కొడుకు ఒంటి కండరాలలో ఉంటుంది. తండ్రి నుంచి వచ్చినది అతని వీర్యాశయంలో నిలిచి, అతని కొడుకులకు వెళుతుంది. అంటే రెండు వంశాలు ఒకే ఇంట్లో పక్కపక్కనే, ఒకదానితో ఒకటి కలవకుండా నడుస్తున్నాయి. ఆ రెండు రకాల మధ్య అక్షరాల తేడా ఇరవై శాతం దాటుతుంది. సాధారణంగా వేర్వేరు జాతుల మధ్య కూడా అంత ఉండదు. ఆడదాని కండరాన్ని ఒక సీసాలో, మగదాని వీర్యాశయాన్ని మరొక సీసాలో వేసి పంపితే, ప్రయోగశాల నుంచి రెండు జాతులన్న నివేదిక వస్తుంది. 1990లలో స్కిబిన్స్కీ, జూరోస్ బృందాలు వేర్వేరుగా దీన్ని బయటపెట్టేదాకా ఎన్ని లెక్కలు తప్పుదోవ పట్టాయో!

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒడ్డు రాళ్ల మీది వేటనత్తలను సేకరించాను. అవి బార్నకిల్ పెంకుకు రంధ్రం చేసి లోపలిదాన్ని తింటాయి. నత్త పాదం నుంచి బియ్యపు గింజంత కండ కోయాలి; కోస్తే బెండకాయ జిగురులా సాగుతుంది, ఆ జిగురు డీఎన్ఏతో పాటు వచ్చి తరువాతి పనిని చెడగొడుతుంది. విసుగొచ్చి, జిగురు తక్కువగా ఉందని ఒకదాని పొట్ట వైపు నుంచి ముక్క తీసుకున్నాను. వచ్చిన అక్షరాలను అంతర్జాతీయ నిధితో పోల్చి చూస్తే, నత్త కాదు, బార్నకిల్ అని వచ్చింది. నత్త చివరి భోజనాన్ని చదివానన్నమాట. మా విద్యార్థులు ఇప్పటికీ దాన్ని గుర్తుచేస్తారు.

ఊరట ఏమిటంటే ఇలాంటి పొరపాటు పెద్దవాళ్లకూ జరిగింది, అదీ ప్రపంచానికి తెలిసేలా. స్వీడన్ తీరపు బురదలో జీనోటర్బెల్లా అనే పురుగు ఉంది. 1949లో వర్ణించారు. మెదడు లేదు, మలద్వారం లేదు, సంచిలాంటి శరీరం. 1997లో దాని డీఎన్ఏ చదివినవారు, అది రెండు చిప్పల మొలస్కాలకు చెందినదని, పెద్దయ్యాక అవయవాలన్నీ పోగొట్టుకుందని ప్రకటించారు. 2003లో మరొక బృందం, ఆ డీఎన్ఏ పురుగుది కాదనీ, అది తిన్న చిన్న గుల్లలదనీ చూపించింది. ఆ పురుగు అసలు చుట్టాలెవరన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది. మైటోకాండ్రియా జీనోము మొత్తం చదివినా ఆ వాదం తీరలేదు.

దీనికి తోడు నకిలీ నకళ్లు ఉంటాయి. మైటోకాండ్రియా డీఎన్ఏ ముక్క అప్పుడప్పుడు కేంద్రకంలోకి జారి, అక్కడ పనిలేకుండా పడివుంటుంది. దాని మీద అదుపు లేదు గనుక అక్షరాలు ఇష్టానుసారం మారతాయి. మనం దాన్ని పట్టుకొని అసలుదనుకుంటే, లేని జాతిని సృష్టించినవాళ్లమవుతాం. చిటికె రొయ్యలలోనూ ఇది కనిపించింది. ప్రోటీన్ తయారీ మధ్యలో ఆగిపోయే సంకేతం కనిపిస్తే అనుమానించాలి. అయితే ఆ సంకేతాన్ని గుర్తుపట్టాలంటే ఏ జీవి ఏ లిపిలో రాస్తుందో తెలియాలి. ఏజీఏ అన్న మూడక్షరాలు మన మైటోకాండ్రియాలో తయారీని ఆపివేస్తాయి. చాలా అకశేరుకాలలో అవి సెరీన్ అనే ఎమినో ఆమ్లాన్ని, రాళ్లకు అతుక్కొని సంచుల్లా ఉండే సముద్రపు అసిడియన్లలో గ్లైసిన్ అనే ఎమినో ఆమ్లాన్ని సూచిస్తాయి. ఏఏఏ అంటే సాధారణంగా లైసిన్. ముళ్లబంతుల వర్గంలో, బల్లపరుపు పురుగులలో ఆస్పరజిన్. ముళ్లబంతులకు, బల్లపరుపు పురుగులకు దగ్గరి చుట్టరికం లేదు. ఈ మార్పు విడివిడిగా రెండుసార్లు జరిగింది. వరుస మార్పు లాంటి అరుదైన గుర్తు కూడా రెండుసార్లు రావచ్చునని ఇది గుర్తుచేస్తుంది.

మైటోకాండ్రియా చరిత్ర జీవి చరిత్రతో ఎప్పుడూ ఒకటే కానక్కరలేదని నేను నమ్మడానికి కాలిఫోర్నియా తీరంలోని ఒక చిన్న జీవి కారణం. రాళ్ల గుంటలలో నిలిచిన నీళ్లలో టిగ్రియోపస్ అనే క్రస్టేషియన్ ఉంటుంది, ఆవగింజంతే. ఒక్కొక్క కొండచరియ దగ్గర ఉన్న జనాభా మైటోకాండ్రియా ఇతరుల నుంచి ఇరవై శాతం దాకా తేడా పడింది. రాన్ బర్టన్ బృందం రెండు చోట్ల వాటిని జతకట్టించింది. మొదటి తరం బాగానే ఉంది. రెండో తరంలో పిల్లలు తగ్గాయి, ఎదుగుదల కుంటుపడింది. మైటోకాండ్రియాకు కావలసిన ప్రోటీన్లలో అధికభాగం కేంద్రకం నుంచే రావాలి కదా. ఒక ఊరి మైటోకాండ్రియాకు, మరొక ఊరి కేంద్రకానికి కుదరలేదు. తిరిగి తల్లి వైపు జనాభాతోనే జతకట్టిస్తే ఆరోగ్యం తిరిగి వచ్చింది. మనం తటస్థమైన గుర్తుగా వాడుకుంటున్న డీఎన్ఏ నిజానికి తటస్థం కాదు, జీవన్మరణాల వ్యవహారంలో భాగస్వామి. అందుకే చుట్టరికాల మీద తుదితీర్పు చెప్పేముందు కేంద్రకపు జన్యువులను కూడా పిలిచి అడగాలి.

మన ఓడరేవు చిన్న గుల్ల దగ్గరికి మళ్లీ వస్తాను. దాని పుట్టింట్లో మైటోకాండ్రియా రకాలు అనేకం ఉండాలి. కొద్ది గుల్లలే ఒకసారి వచ్చి ఇక్కడ పిల్లలు పెట్టి ఉంటే, మన దగ్గర రకాలు ఒకటో రెండో ఉండాలి. పలు రేవుల నుంచి పలుమార్లు వచ్చి ఉంటే, వేర్వేరు రేవుల రకాలు ఇక్కడ కలగలిసి కనిపించాలి. ఇది తేలాలంటే విశాఖ గుల్లలొక్కటే చాలవు. కరీబియన్ రేవులవి, ఇది పాకిన ఆసియా రేవులన్నింటివీ కావాలి. పాతకాలపు నమూనాలు చాలావరకు ఫార్మలిన్‌లో ఉన్నాయి. ఆకారం చెక్కుచెదరకుండా ఉంటుంది గానీ, డీఎన్ఏ ముక్కలై చదవడానికి మొండికేస్తుంది. అప్పటివారికి ఈ అవసరం తెలియదు, వారిని తప్పు పట్టలేం. మనకు తెలుసు.

కాబట్టి రేపు రేవుకు వెళ్లే విద్యార్థులు 95 శాతం ఇథనాల్ పట్టుకెళ్లండి. గుల్లను పారేయకండి, కండ తీసిన గుల్లకూ కండ సీసాకూ ఒకే సంఖ్య వేయండి. పెన్సిల్‌తో రాయండి; ఇంకు ఇథనాల్‌లో కరుగుతుంది, కరిగిన లేబుళ్లతో నేను ఒక అలమారా నింపాను. చీటీ మీద తేదీ, చోటు, ఎంత లోతున తీశారు, ఆడా మగా, ఏ అవయవం నుంచి కోశారు, ఆ జీవి పొట్ట ఖాళీగా ఉందా లేదా అన్నది రాయండి. ఆడా మగా తెలియకపోతే తెలియదని రాయండి, ఊహించి రాయకండి.